సూర్యలంక వెళ్లే ముందు నాలుగు రోజుల సముద్రాన్ని ఇంట్లోనే చూసుకోవడం ఎలా

ఫోన్‌లో బాపట్ల అని కొట్టడం, ఎండ బొమ్మ చూడటం, "శనివారం క్లియర్‌గా ఉంది, పోదాం పదండి" అని గ్రూపులో పెట్టేయడం. మార్చి, ఏప్రిల్ వచ్చి పరీక్షలు అయిపోయాయంటే విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు బీచ్ ప్రయాణం పెట్టుకునే పద్ధతి ఇదే. ఫ్యామిలీలది కూడా దాదాపు ఇంతే, కాకపోతే పులిహోర అదనం. ఆ ఎండ బొమ్మ బాపట్ల ఆకాశం సంగతి చెబుతుంది. సముద్రం గురించి అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. ఈ నెలల్లో మన తీరంతో వచ్చే చిక్కే అది. నెత్తిన మబ్బు ఉండదు, గుంటూరులో ఆకు కదలదు, అయినా బాపట్ల పక్కనున్న సూర్యలంక బీచ్‌లో నడుం లోతులో నిలబడ్డ మనిషిని అల ఎత్తి కుదేస్తుంది.

"వెళ్లాక చూద్దాంలే, బాగా లేకపోతే దిగొద్దు" అంటారు. ఎవరూ ఆగరు. విజయవాడ నుంచి రెండు గంటలకు పైగా ఎండలో వచ్చి, పిల్లలు బట్టలు మార్చేసుకుని పరుగెడుతుంటే "ఈరోజు వద్దు" అనగల పెద్దమనిషిని నేనింకా చూడలేదు. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట ముందు ఏ జాగ్రత్తా నిలబడదు. అందుకే వెళ్లాలా వద్దా, వెళ్తే ఏ పూట దిగాలి అన్నది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. పెద్ద చదువేమీ అక్కర్లేదు, రోజూ రాత్రి ఓ పది నిమిషాలు కూర్చుంటే చాలు.

బుధవారం రాత్రే మొదలుపెట్టండి

ప్రయాణం శనివారమైతే బుధవారం రాత్రి నుంచి చూడటం మొదలుపెట్టండి. శుక్రవారం రాత్రి ఒక్కసారి చూస్తే మీకొక అంకె దొరుకుతుంది, అంతే. సముద్రం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మూడు నాలుగు రోజులు వరసగా రాసుకుంటేనే కనిపిస్తుంది. పైగా బుధవారం చెప్పిన శనివారానికీ శుక్రవారం చెప్పిన శనివారానికీ ఎంత తేడా వచ్చిందో చూడండి. అంకెలు పెద్దగా మారకపోతే ఆ అంచనాను నమ్మొచ్చు. రోజుకో రకంగా దొర్లుతుంటే బంగాళాఖాతంలో ఏదో కదులుతోందని, ఎటు పోతుందో లెక్క ఇంకా తేలలేదని అర్థం.

చూడాల్సిన చోట్లు ముఖ్యంగా రెండు. మొదటిది హైదరాబాద్‌లో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్. కేంద్ర ప్రభుత్వ సంస్థ, సముద్రం సంగతులు చెప్పడమే దాని పని. వెబ్‌సైట్‌లో ఓషన్ స్టేట్ ఫోర్‌కాస్ట్ అన్న చోట అలల ఎత్తు, గాలి, ప్రవాహం అన్నీ ఉంటాయి, ఫోన్‌కైతే సముద్ర అని వాళ్ల యాపే ఉంది. రెండోది వాతావరణ శాఖ బులెటిన్. అందులో జిల్లా వర్షం సంగతి కాకుండా మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక చదవండి. మనం వేటకు వెళ్లం కదా అని చాలామంది ఆ భాగం వదిలేస్తారు, మొత్తం బులెటిన్‌లో మనకు కావలసింది ఆ నాలుగు లైన్లే.

విండీలాంటి యాప్‌లు గంటగంటకూ గాలి ఎలా మారుతుందో చూడటానికి బాగుంటాయి, నేనూ వాడతాను. హెచ్చరిక ఉందా లేదా అన్నది మాత్రం వాటిలో చూడకండి. అవి మోడల్ లెక్కని రంగుల్లో చూపిస్తాయి, ఈ లెక్క మన తీరానికి ప్రమాదమా కాదా అని చూసి చెప్పే మనిషి దాని వెనక ఉండడు.

ఒక తెల్లకాగితం తీసుకుని రోజుకో అడ్డగీత గీయండి. ఉదయం గాలి, మధ్యాహ్నం గాలి, స్వెల్ (దూరం నుంచి వచ్చే అల) ఎత్తు, స్వెల్ పీరియడ్ (అలకూ అలకూ మధ్య సెకన్లు), పోటు పాటు (నీళ్లు పైకి రావడం, దిగిపోవడం) వేళలు, హెచ్చరికలు. ఈ ఆరు రాస్తే చాలు.

అంకెలు చదివే ముందు

గాలి వేగం ఒకచోట నాట్లలో, ఇంకోచోట కిలోమీటర్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, కాబట్టి నాట్లను రెట్టింపు చేసి కొంచెం తగ్గించండి, 10 నాట్లు అంటే సుమారు 18 కిలోమీటర్లు. దక్షిణ గాలి అంటే దక్షిణం నుంచి వచ్చేది, అలలకూ అంతే. ప్రవాహానికి మాత్రం లెక్క తిరగబడుతుంది, ఉత్తర ప్రవాహం అంటే ఉత్తరానికి పోయేది. ఈ నెలల్లో మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం వైపే, మార్చి ఏప్రిల్ నెలల్లో బాగా బలంగా ఉంటుంది, అక్టోబరు తర్వాత వెనక్కి తిరుగుతుంది.

బులెటిన్లలో 05:30, 11:30, 17:30, 23:30 అని వింత టైములు కనిపిస్తాయి. ప్రపంచమంతా గ్రీనిచ్ టైములో సున్నా, ఆరు, పన్నెండు, పద్దెనిమిది గంటలకు లెక్కలు కడుతుంది, దానికి మన ఐదున్నర గంటలు కలిపితే వచ్చేవి ఇవి. ఏదైనా యాప్‌లో 12 పక్కన జెడ్ అక్షరం ఉంటే అది మధ్యాహ్నం పన్నెండు కాదు, మన సాయంత్రం ఐదున్నర. ఇక్కడ తప్పు చదివితే మిగతా కాగితమంతా తప్పే.

అలల ఎత్తు 1.5 మీటర్లు అని రాస్తే ప్రతి అలా అంత ఉంటుందని కాదు, అంతకు మించి రాదనీ కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసి, వాటి సగటు చెబుతారు. కొన్ని గంటలు గడిస్తే మధ్యలో ఒకటో రెండో దానికి దాదాపు రెట్టింపు ఎత్తున వస్తాయి. మనుషుల్ని పడేసేవి అవే.

అసలు చూడాల్సింది స్వెల్ పీరియడ్

సముద్రంలో రెండు రకాల అలలు కలిసి ఉంటాయి. ఒకటి ఇక్కడి గాలికి ఇక్కడే లేచేది, పొట్టిది, గజిబిజిగా వస్తుంది, గాలి తగ్గగానే కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. రెండోది స్వెల్. ఎక్కడో దూరాన తుపాను గాలులకు పుట్టి, ఆ గాలిని వదిలేసి తన దారిన తాను నడిచి వచ్చే అల. మార్చి నుంచి మే దాకా మన తీరానికి వచ్చే పెద్ద స్వెల్ చాలావరకు హిందూ మహాసముద్రం దక్షిణ చివర, అంటార్కిటికా దరిదాపుల్లో వీచే గాలులకు పుట్టినదే. ఐదారు రోజులు ప్రయాణం చేసి వస్తుంది. అందుకే బాపట్లలో ఎండ కాస్తున్నా, గాలి లేకపోయినా సముద్రం పొంగుతుంది. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. ఇన్‌కాయిస్ హెచ్చరికల్లో కూడా ఆ పేరే వాడుతుంది.

పీరియడ్ అంటే ఒక అలకూ దాని తర్వాతి అలకూ మధ్య సెకన్లు. ఇక్కడి గాలి అలకు అది నాలుగు నుంచి ఏడు దాకా ఉంటుంది. దూరం నుంచి వచ్చే స్వెల్‌కు పన్నెండు, పదిహేను, ఒక్కోసారి ఇరవైకి దగ్గర. అందరూ ఎత్తు ఒక్కటే చూసి "మీటరేగా" అనుకుంటారు. అల మోసుకొచ్చే శక్తి ఎత్తుతో ఎత్తును గుణించి, దాన్ని మళ్లీ పీరియడ్‌తో గుణిస్తే ఎంతో అంత. కాలిక్యులేటర్‌లో వేసి చూడండి. 0.6 మీటర్లు, 9 సెకన్లు అయితే 3.2 వస్తుంది. 1.1 మీటర్లు, 15 సెకన్లు అయితే 18. ఎత్తు రెట్టింపు కూడా కాలేదు, శక్తి ఐదు రెట్లు దాటింది. నడుం లోతులో నిలబడ్డవాడికి తగిలేది ఆ పద్దెనిమిది.

ఇంకో సంగతి. పీరియడ్ ఎక్కువున్న అలలు సముద్రంలో వేగంగా నడుస్తాయి. ఒకేచోట ఒకేసారి పుట్టినా పొడుగు అలలు ముందొస్తాయి, పొట్టివి వెనకబడతాయి, తెనాలి లైన్లో ఎక్స్‌ప్రెస్ ముందు దాటిపోయి పాసింజరు తర్వాత వచ్చినట్టు. అందువల్ల పెద్ద స్వెల్ వచ్చే ముందు మీ కాగితం మీద ఒక గుర్తు పడుతుంది. ఎత్తు అలాగే ఉంటుంది, పీరియడ్ మాత్రం తొమ్మిది నుంచి ఒక్కసారిగా పదిహేడుకు దూకుతుంది. ఆరోజు బీచ్‌కి వెళ్లినవాళ్లకు సముద్రం ప్రశాంతంగానే కనిపిస్తుంది. మర్నాడు ఎత్తు పెరుగుతుంది, ఆ తర్వాత రోజుల్లో పీరియడ్ పదిహేను, పదమూడు, పదకొండు అని దిగుతూ వస్తుంది. ఎత్తు తగ్గి, పీరియడ్ కూడా పదికి అటూఇటూ వచ్చేదాకా ఆ స్వెల్ పోలేదనే లెక్క.

2024 మే 6న తమిళనాడులో కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు మెడికల్ విద్యార్థులు చనిపోయారు. తుపాను లేదు, వాయుగుండం లేదు. స్వెల్ హెచ్చరిక మాత్రం అప్పటికే ఉంది. ఇలాంటి హెచ్చరిక ఆంధ్ర తీరానికి కూడా ఉందేమో ఇన్‌కాయిస్ పేజీలో జిల్లాల వారీగా చూడండి. బాపట్ల, కృష్ణా, ప్రకాశం, ఈ మూడూ చదివితే మనం వెళ్లే బీచ్‌లు దాదాపు అన్నీ వచ్చేస్తాయి.

కృష్ణపట్నం దగ్గర సముద్రంలో ఇన్‌కాయిస్ వాళ్ల అలల బోయా, అంటే నీళ్లపై తేలుతూ అలల్ని కొలిచే పరికరం, ఉంది. దక్షిణం నుంచి వచ్చే స్వెల్ మనకంటే ముందు దానికి తగులుతుంది. ప్రయాణం రోజు తెల్లవారుజామున లేచి అక్కడ నిజంగా కొలిచిన అంకె ఎంతుందో చూసుకుంటే అంచనా సరిగ్గా నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. ఇదంతా అవసరమా అని మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

గాలి: రోజుది కాదు, పూటది రాసుకోండి

ఎండాకాలంలో తీరం మీద గాలికి ఒక దినచర్య ఉంటుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉంటుంది కాబట్టి గాలి లేకుండానో, నేల మీంచి సముద్రం వైపు మెల్లగానో ఉంటుంది. పది, పదకొండు మధ్య నేల కాలడం మొదలవగానే సముద్రం మీంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య గట్టిగా ఉంటుంది. సాయంత్రం విజయవాడ డాబాల మీద మనం ఎదురుచూసే పైరగాలి ఇదే, అక్కడ మధ్యాహ్నం లేచింది ఇక్కడికి చేరేసరికి పొద్దువాలుతుంది. కాబట్టి సముద్రంలో దిగడానికి ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి వేళ. గుంటూరు నుంచి తీరిగ్గా టిఫిన్ చేసి బయలుదేరితే గాలి లేచే వేళకే చేరతారు.

గాలి 20 కిలోమీటర్లు దాటితే నీళ్ల మీద తెల్లటి నురగ తలలు చాలా చోట్ల కనిపిస్తాయి. 30 దాటితే ఎటు చూసినా అవే. పిల్లలతో వెళ్లేవాళ్లయితే 25 కిలోమీటర్లు రాసి ఉన్న పూట నీళ్లలోకి వద్దని నా అభిప్రాయం, ఒడ్డున ఇసుకలో ఆడుకోనివ్వండి. సగటు గాలి పక్కనే గస్ట్ అని ఇంకో అంకె ఉంటుంది, ఆ రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే గాలి ఆగి ఆగి కొడుతుందన్నమాట.

పడమటి గాలి గట్టిగా వీచే రోజులు వేరు. విజయవాడలో వడగాలి, రాత్రయినా పైరగాలి రాదు, అందరం తిట్టుకుంటాం. ఆరోజు తీరం దగ్గర సముద్రం చూడటానికి భలే చదునుగా ఉంటుంది, ఎందుకంటే గాలి నేల మీంచి నీళ్ల మీదికి పోతూ అలల్ని అణుస్తుంది. ఇది ఇంకో రకం ప్రమాదం. గాలి నింపిన ట్యూబులు, బంతులు, పరుపులు నిమిషాల్లో లోపలికి పోతాయి, వాటి వెనక పిల్లలు పోతారు. పడమర, వాయవ్యం అని రాసి ఉంటే ట్యూబులు ఇంట్లోనే వదిలేయండి.

పోటు, పాటు

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈరోజు ఉన్న వేళ కంటే రేపటిది సుమారు 50 నిమిషాలు ఆలస్యం. ఇంట్లో క్యాలెండర్ ఉంటే తిథి చూసే ఓ అంచనాకు రావచ్చు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా దిగిపోతుంది. అష్టమి దగ్గర తేడా తక్కువ. మాఘ పౌర్ణమికి, కార్తీక పౌర్ణమికి హంసలదీవిలో, మంగినపూడిలో, సూర్యలంకలో జనం స్నానాలకు దిగేది సరిగ్గా నీళ్ల కదలిక ఎక్కువుండే రోజుల్లోనే. పుణ్యం సంగతి అలా ఉంచి తాడు పట్టుకుని దిగడం మేలు.

మన తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా మీటరు పైచిలుకే. అంతేనా అనుకోకండి. బీచ్ వాలు తక్కువున్న చోట నీటిమట్టం మీటరు పెరిగితే నీటి అంచు యాభై మీటర్లు ముందుకొస్తుంది. చెప్పులు, ఫోన్లు, కారు తాళాలు పోయేది అప్పుడే. హంసలదీవి దగ్గర ఇసుకలో సాగరసంగమం వైపు పోయేవాళ్లు పోటు వేళ తెలుసుకోకుండా పోతే వచ్చిన దారి నీళ్లలో ఉంటుంది.

దిగడానికి పోటు నిండబోయే ముందు రెండు గంటలు నయం. పాటు నడుస్తుండగా, అదీ పౌర్ణమి ముందువెనకల్లో, నీళ్లు లోపలికి లాగుతాయి.

ఉరుము, అల్పపీడనం

ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నం తర్వాత పల్నాడు, నల్లమల వైపు మబ్బు లేచి సాయంత్రానికి తీరం వైపు రావడం మామూలే. బీచ్‌లో మనమంతా సముద్రం వైపు చూస్తూ ఉంటాం, మబ్బు వీపు వెనక నుంచి వస్తుంది. మూడింటి తర్వాత అక్కడుంటే అరగంటకోసారి వెనక్కి తిరిగి చూడండి. మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడార్ ఉంది, దాని బొమ్మ ఫోన్‌లో వస్తుంది, ఎరుపు ముద్దలు ఎటు కదులుతున్నాయో రెండు మూడు బొమ్మలు వరసగా చూస్తే తెలుస్తుంది. పిడుగులకైతే దామిని యాప్. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువుంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది, నీళ్లలోంచే కాదు ఇసుక మీంచి కూడా లేచి కారులోకో భవనంలోకో పోవాలి. తాటాకు పాక కింద దాక్కుంటే లాభం లేదు.

ఇక అల్పపీడనం. ఉపరితల ఆవర్తనం, ద్రోణి అన్న మాటలు వేసవిలో రోజూ వినిపిస్తాయి, వాటికి టెన్షన్ పడక్కర్లేదు, ఉరుములు రావచ్చని గుర్తుంచుకుంటే చాలు. "ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్నారంటే మాత్రం రోజుకు రెండుసార్లు బులెటిన్ చూడాలి. గాలి 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. తుపానులు చలికాలం ముందే వస్తాయనుకోవడం పొరపాటు. 1990 మే 9న వచ్చినది కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది, 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర, 2022 మేలో అసని మచిలీపట్నం పక్కన. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే అది ఎక్కడున్నా, ఎటు పోతున్నా ఆ వారం బీచ్ మానుకోండి. ఒడిశాకో మయన్మార్‌కో పోయేదైనా అలలు మనకూ పంపుతుంది. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని టీవీలో విన్నాక ఇంకా ఆలోచించేదేముంది.

ఒక వారాంతం ఎలా చదవాలో చూడండి

ఇవి ఉదాహరణకు రాసిన అంకెలు. గురువారం: స్వెల్ 0.6 మీటర్లు, 9 సెకన్లు, మధ్యాహ్నం గాలి 18. శుక్రవారం: 0.6 మీటర్లు, 17 సెకన్లు, గాలి 20. శనివారం: 1.1 మీటర్లు, 15 సెకన్లు, గాలి 26, పౌర్ణమి, ఉదయం తొమ్మిదికి పోటు, మూడింటికి పాటు. ఆదివారం: 1 మీటరు, 13 సెకన్లు. సోమవారం: 0.7, 11. ఐదు రోజులూ ఆకాశం నిర్మలం, ఉష్ణోగ్రత 36.

ఎండ బొమ్మ చూసినవాడికి ఐదూ ఒకటే. మీ కాగితం మీద గురువారం మంచి రోజు. శుక్రవారం దగ్గర ఎత్తు మారకుండా పీరియడ్ ఎగిరింది, అంటే స్వెల్ ముందు వరస వచ్చేసింది, ఆరోజు పొద్దున వెళ్లినవాళ్లు మోకాలి లోతు దాటకుండా ఉంటే మేలు. శనివారం అన్నీ ఒక్కచోట చేరాయి. స్వెల్ పెద్దది, పౌర్ణమి పాటు తొమ్మిది నుంచి మూడు దాకా నీళ్లను లాగుతుంది, గాలి గట్టిపడేది సరిగ్గా ఆ ఆఖరి గంటల్లో. జనం ఎక్కువుండేదీ అప్పుడే. ఆదివారం ఎత్తు కాస్తే తగ్గింది, పీరియడ్ ఇంకా 13, కాబట్టి నేనైతే నీళ్లలోకి దిగే ప్రయాణం పెట్టుకోను. తర్వాతి వారానికి మార్చుకోవడమో, లేదా ఒడ్డున కూర్చుని వేయించిన చేపలు తిని రావడానికే అని ముందే చెప్పి తీసుకెళ్లడమో చేయాలి. బీచ్ దాకా తీసుకెళ్లి అక్కడ వద్దంటే పిల్లలు వినరు, ఇంట్లో చెబితే ఓ గంట అలిగి ఊరుకుంటారు.

అక్కడికి చేరాక

కారు దిగగానే నీళ్ల వైపు పోకుండా ఎత్తైన ఇసుక మీద పది నిమిషాలు నిలబడండి. రెండు నిమిషాలు చాలవు. స్వెల్ గుంపులుగా వస్తుంది, నాలుగైదు పెద్ద అలలు వచ్చాక కొన్ని నిమిషాలు సముద్రం చల్లబడినట్టుంటుంది, మీరు సరిగ్గా ఆ విరామంలో చేరి ఉండొచ్చు. వాచీ పెట్టుకుని ఒక్క నిమిషంలో ఒకేచోట ఎన్ని అలలు విరుగుతున్నాయో లెక్కపెట్టండి. పది అయితే పీరియడ్ ఆరు సెకన్లు, ఇక్కడి గాలి అలలే. నాలుగే అయితే పదిహేను సెకన్లు, అవి దూరం నుంచి వచ్చినవి. కాగితం మీద అంకెతో సరిపోయిందా చూసుకోండి, సరిపోకపోతే కళ్లతో చూసినదే నమ్మండి.

తర్వాత అలలు విరగని చోటు వెతకండి. రెండు పక్కలా తెల్లగా నురగ వస్తూ, మధ్యలో ఒక సందు ముదురు రంగులో, పైన గరుకుగా, నురగ, చెత్త లోపలికి పోతూ కనిపిస్తే అది రిప్ కరెంట్. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి పోయే దారి. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది" అని అక్కడే దించుతారు. నీళ్లలో కొట్టుకుపోయే వాళ్లలో చాలామంది ఈతకు వెళ్లినవాళ్లు కాదు, నడుం లోతులో ఫొటో కోసం నిలబడ్డవాళ్లు. కృష్ణలో ఘాట్ దగ్గర ఈత నేర్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు, నది ఒక్క వైపే లాగుతుంది.

అక్కడ వలలు బాగుచేసుకునే పెద్దాయన ఎవరైనా కనిపిస్తే అడగండి. "దిగొచ్చా" అని అడిగితే మొహమాటానికి "దిగండి బాబూ" అనేస్తారు. "బాబాయ్, నీళ్లు ఎటు లాగుతున్నాయి? నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైనా మారిందా?" అని అడగండి, చేత్తో చూపించి మరీ చెబుతారు. ఇంకో మాట: బోట్లు ఒడ్డునే ఉన్నాయి కాబట్టి సముద్రం బాగా లేదు అన్న పాత గుర్తు ఏప్రిల్ 15 తర్వాత పనిచేయదు. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, సముద్రం అద్దంలా ఉన్నా మరబోట్లు కదలవు.

నిజాంపట్నం, గిలకలదిండి వైపు తెలిసినవాళ్ల బోటు ఎక్కేవాళ్లు మొగ దగ్గర, అంటే నీళ్లు సముద్రంలో కలిసే చోట, జాగ్రత్త. పాటు నీళ్లు బయటికి పోతుంటే ఎదురుగా స్వెల్ వస్తే ఆ రెండూ కొట్టుకునే చోట అలలు నిటారుగా లేస్తాయి, కింద ఇసుక మేట కూడా ఉంటుంది. బోటు నడిపే ఆయన పోటు కోసం ఆగుదాం అంటే టైమ్ అయిపోతోందని తొందరపెట్టకండి. లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కకండి.

ఎవరైనా లాగబడితే వెనకే దూకొద్దు. తాడు, ఖాళీ వాటర్ క్యాన్, మూత బిగించిన కూల్‌డ్రింక్ సీసాలు, గాలి ట్యూబు, తేలేది ఏదైనా విసరండి. లోపలున్నవాళ్లకు ఒడ్డు వైపు ఈదొద్దని, పక్కకు, ఒడ్డు వెంబడి కదలమని చేతులతో చూపించండి. లాగుడు సందు వెడల్పు ఎక్కువుండదు, పక్కకు తప్పుకున్నాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి ఉంచాలి. ఒకరు కన్ను తిప్పకుండా ఆ మనిషినే చూస్తూ నిలబడాలి, ఇంకొకరు 112కి ఫోన్ చేయాలి. కోస్ట్‌గార్డ్‌ది 1554, మెరైన్ పోలీసులది 1093, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థది 1070. ఈ నాలుగూ బయలుదేరే ముందు అందరి ఫోన్లలో ఎక్కించండి. ఫోన్లన్నీ ఒకే సంచిలో పెట్టి కారులో తాళం వేసి నీళ్లలోకి పోకండి, ఒక ఫోన్, ఒక మనిషి ఎప్పుడూ ఒడ్డున ఉండాలి.